ఎర్ర కారు ధర

మా నాయన దగ్గర ఇద్దరే కూర్చునే ఎర్ర కారు ఒకటి ఉండేది. విదేశీ బండి, పందేల్లో పరిగెత్తే రకం. మద్రాసులో మా మామిడిపళ్లు కొనే దొర ఒకాయన తన దేశానికి వెళ్లిపోతూ చవగ్గా ఇచ్చేశాడట. వడమాలపేట దగ్గర మా తోటలో, రేకుల షెడ్డులో, గోనెపట్టాల కింద దాన్ని దాచాడు నాయన. నాకు ఊహ తెలిశాక అది రోడ్డెక్కింది లేదు. పైకప్పు గుడ్డ చీకిపోయింది, రంగు వెలిసిపోయింది.

తుక్కుకు కాపలా కాస్తున్నావని చుట్టాలు ఎగతాళి చేస్తే నాయన నవ్వేవాడు. ఆయన లెక్క ఆయనది.

"ఇట్లాంటివి ఇంగ చెయ్యరప్పా. ఉండేవి పాడైపోయేకొద్దీ మిగిలిందాని రేటు పెరుగుతానే ఉంటాది" అనేవాడు.

తొంభైల్లో చెన్నై నుంచి పాత కార్లు సేకరించే ఒకాయన రెండుసార్లు వచ్చాడు. రెండోసారి చెప్పిన ధర మొదటిదానికి మూడింతలు. అయినా నాయన ఇవ్వలేదు. బ్యాంకులో వేసుకుంటే ఇంత పెరుగుతుందా అని ఆయన వాదన.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా వానలు ఎగ్గొట్టాయి. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు తోలినా చెట్లు నిలబడేలా లేవు. తోట అమ్మాలా, కారు అమ్మాలా అన్నదాకా వచ్చింది. నాయన ఒక్క పూట కూడా ఆలోచించలేదు. చెన్నై ఆయనకు కబురు పెట్టాడు. నెలలో వస్తానన్నాడాయన. కారు డబ్బుతో లోతుగా బోర్లు వేయించి తోటను నిలబెట్టుకోవాలని నాయన ఆశ. ఈలోగా కంటి ఆపరేషన్ కోసం అమ్మను తోడు తీసుకుని వేలూరు వెళ్లాడు.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. మావైపు ఎద్దుల్ని సంతకు తోలే ముందు ఒళ్లు కడిగి, కొమ్ములు చెక్కి, నూనె రాసి, రంగు పూస్తారు. దుమ్ముతో తోలుకెళితే ధర పలకదు. ఇది నాకు నేర్పింది నాయనే. కారుకూ అంతేనని నాకు తోచింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కారును ట్రాక్టరు ట్రెయిలర్ మీద చిత్తూరుకు చేర్చాను, లారీ బాడీలు కట్టే షెడ్డుకు. పాత రంగంతా గీకించి నిగనిగలాడే ఎరుపు కొట్టించాను. సీట్లకు కొత్త రెగ్జిన్ వేయించాను. కొనేవాడు నడిపి చూడకుండా ఉంటాడా, ఈ ఇంజనుకు సామాన్లు యాడా దొరకవు, డీజిల్ ఇంజన్ బిగిద్దాం అన్నాడు మేస్త్రీ. సరేనన్నాను. ఉన్న ఇంజన్ను పాత ఇనుము కొట్లో వేశాను. బేరమాడి కిలోకి అర్ధరూపాయి ఎక్కువ రాబట్టానని సంబరపడ్డాను కూడా.

నాయన నల్లద్దాలతో తిరిగొచ్చాడు. కారు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు. ఇంజను సంగతి నేనే గొప్పగా చెప్పాను. శానా కష్టపడినట్లుండావే అన్నాడు, అంతే. సంతోషం పట్టలేక మాట రావడం లేదనుకున్నాను.

రెండు రోజులకు చెన్నై ఆయన వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి, పాత ఇంజన్ ఎక్కడని అడిగాడు. చెప్పాను. ఆ కొట్టుకు ఫోన్ చేయించాడు. అప్పటికే పగలగొట్టి కరిగించడానికి పంపేశారట. ఆయన కోప్పడలేదు. కార్ఖానా నుంచి వచ్చిన రంగు, ఆ నంబరున్న ఆ ఇంజను, వాటికే అండీ డబ్బు అన్నాడు. ఇప్పుడు దీన్ని తీసుకోలేనన్నాడు. మర్యాద కోసం రెండు కొబ్బరి బొండాలు కొట్టించుకుని రావడానికి వెళ్లాను.

ఆ వేసవిలోనే తోట అమ్మేశాం. కొన్నవాళ్లు చెట్లు కొట్టేసి ప్లాట్లు వేశారు. అదంతా నేను నిలబడి చూశాను. ఏడుపు రాలేదు. ఇవాళ్టికీ రాదు. కానీ నా మనసులో మిగిలింది తోట కాదు, ఆ రోజు నేను బొండాలతో తిరిగొచ్చేసరికి షెడ్డు వెనక విన్న మాటలు. ఏమీ ముట్టుకోకుండా ఉంచి ఉంటే ఎంత ఇచ్చేవాణ్ణో చెప్పమంటారా అని చెన్నై ఆయన అడుగుతున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ధర కోసమే కాచుకున్న మనిషి మా నాయన.

"వద్దు సామీ. నాకు తెలిస్తే, మావోడు నా మొగం జూసి కనిపెట్టేస్తాడు. వాడు నా కోసమే చేసినాడు."

నేను నాలుగడుగులు వెనక్కి వేసి, అప్పుడే వస్తున్నవాడిలా దగ్గుతూ వెళ్లి బొండాలు అందించాను.