మల్లమ్మ లొల్లి

బజారులో ఎక్కడైనా ఆడమనిషి గొంతు పెంచి కొట్లాడుతుంటే అందరూ ఆమె వైపే చూస్తారు. నేను మాత్రం ఆ చుట్టుపక్కల ఏ మూలనైనా చంటిబిడ్డతో ఎవరైనా కూర్చున్నారా అని వెతుకుతాను. నిన్న బహదూర్‌పురాలో కూరగాయల బండి దగ్గర ఒకామె అలాగే అరుస్తోంది. బిడ్డా లేదు, ఏమీ లేదు, అది ఉత్త కొట్లాటే. అయినా ఆ గొంతు చెవిన పడగానే మల్లమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది, ఆమె చీరకు ఎప్పుడూ ఉండే పచ్చిపాల వాసనతో సహా.

శాలిబండలో మా అత్తగారింటి పక్కిల్లే వాళ్ళది. పెరట్లో బర్రెలుండేవి, గల్లీ మొత్తానికి వాళ్ళే పాలు పోసేవారు. ఆమెను అందరూ లొల్లి మల్లమ్మ అనేవారు. నేనేమో నోట్లో నాలుక లేనిదాన్ని. మా పాప పుట్టినప్పుడు బరువు బాగా తక్కువ. ఎక్కడున్నా సరే, ఏడ్చినప్పుడల్లా పాలివ్వమంది డాక్టరమ్మ. ఇంట్లో అయితే సరే. కానీ రోజు విడిచి రోజు ఆస్పత్రికి పోవాలి. బస్సులో పోవడం, వరుసలో కూర్చోవడం, తిరిగి రావడం, సగం రోజు దాంతోనే గడిచిపోయేది. పదిమందిలో పాప ఏడిస్తే నాకు చేతులాడేవి కావు. కొంగు ఎంత కప్పుకున్నా అందరూ నన్నే చూస్తున్నట్టు ఉండేది. భుజాన వేసుకుని ఊపుతూ ఉండేదాన్ని. అది ఏడ్చి ఏడ్చి, సోలిపోయి నిద్రపోయేది. బరువు పెరగలేదు సరికదా, నాకు పాలు కూడా తగ్గసాగాయి. ఇలాగే ఉంటే ఇక డబ్బా పాలే గతి అన్నారు.

అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని మల్లమ్మ పెద్దమ్మ తోడొచ్చింది. మొదటిరోజు బస్సు కదిలిందో లేదో పాప ఏడుపు అందుకుంది.

"తాపియ్యి బిడ్డా."

"ఇక్కడెట్ల పెద్దమ్మా? అందరు చూస్తరు."

ఆమె చటుక్కున లేచి కండక్టర్ మీద పడింది. "ఏందన్నా, గింత ఉడుకపోతల గీ కిడ్కీ తెరుసుకోకపోతే మనుషులు కూసునుడెట్ల? ఇది బస్సా, ఇటుకల బట్టీయా?" బస్సంతా అటు తిరిగింది. దేవుడా, ఈమెతో ఎందుకొచ్చానా అని తల దించుకున్నాను. ఎలాగూ ఎవరూ నన్ను చూడటం లేదు కదా అని పాపను కొంగులోకి తీసుకున్నాను. నా అదృష్టం అనుకున్నానే తప్ప ఇంకేమీ తోచలేదు.

మరోరోజు వచ్చేటప్పుడు పత్తర్‌గట్టిలో పాపకు మెత్తటి గుడ్డ కొందామని ఒక దుకాణంలోకి వెళ్ళాం. లోపలంతా జనం. పాప ఏడుపు మొదలుపెట్టింది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నానో లేదో, వెనక మల్లమ్మ పెద్దమ్మ గొంతు లేచింది. "గిదేనా పక్కా రంగు? మొన్న నీ చీర ఒక్క ఉతుకుడుకే ఇంట్ల బట్టలన్నీ ఖరాబ్ జేసింది!"

"అరే అమ్మా, నువ్వు నా దుకాణ్‌ల ఎప్పుడు కొన్నవ్?" అని అతను లబలబలాడాడు. లొల్లి రోడ్డు దాకా వినిపించింది. పాప కడుపునిండా తాగి వదిలేసింది. నేను కొంగు సర్దుకుని ఇటు తిరిగాను. పెద్దమ్మ నన్నొకసారి చూసి, టక్కున గొంతు దించింది. "గట్లనా? అయితే వేరే దుకాణమై ఉంటది. ఫికర్ చెయ్యకు భాయ్, నీ రంగు మంచిదే." అతను తల కొట్టుకుంటూ మా గుడ్డ చింపిచ్చాడు.

రోడ్డు మీదికొచ్చాక అడిగాను. "పెద్దమ్మా, నిజంగనే చీర రంగు పోయిందా?"

"ఏ చీర? అందరి కండ్లు నా మీదుంటే నీ దిక్కు ఎవడు జూస్తడే పిచ్చిదానా!" అని పకపకా నవ్వింది. కొంతదూరం నడిచాక తనే అంది. "నా పెద్దోనికి నేను గిట్లనే సిగ్గువడ్డ. ఏడ్సినా ఇయ్యకపోతి. పాలు ఎండిపాయె. గల్లీ అందరికి పాలు వోసేటోళ్ళం బిడ్డా, నా కొడుక్కు నా పాలు లేకపాయె."

నాకు ఆ బజారు మధ్యలోనే ఏడుపొచ్చింది. నా పాప నోటికి పాలందాలని, ఉన్న చెడ్డపేరుకు తోడు ఇంకొంత తెచ్చుకుంటోంది ఆ మహాతల్లి. పాప బరువు పెరిగింది, బుగ్గలొచ్చాయి. డబ్బా పాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. గల్లీలో ఇప్పటికీ ఎవరైనా ఆమెను గయ్యాళి అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నిన్న ఆ కూరగాయలు తీసుకుని బస్సెక్కాను. వెనక సీట్లో ఒక చిన్నవయసు అమ్మాయి, తొలిచూలు తల్లిలా ఉంది, ఏడుస్తున్న బిడ్డను ఊపుతూ చుట్టూ బెదురుగా చూస్తోంది. పక్కనే నిలబడ్డ మగవాళ్ళు చూపు తిప్పడం లేదు. కూరగాయల సంచి కింద పెట్టాను. లేచి నిలబడ్డాను.

"ఏందన్నా, చెయ్యెత్తితే బస్సు ఆపరా మీరు?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కండక్టర్ బిత్తరపోయాడు. "బస్సులనే ఉన్నవ్ గదమ్మా!"

"మరి మొన్న? మొన్నెందుకు ఆపలే?"

"మొన్న నాకు డ్యూటీయే లేదు తల్లీ!"

బస్సంతా నా వైపు తిరిగి నవ్వింది. చెవులు వేడెక్కిపోయాయి. ఆపలేదు, నోటికొచ్చినట్టల్లా అరుస్తూనే ఉన్నాను. కాసేపటికి వెనక ఏడుపు ఆగింది. పాపం కండక్టర్ రెండు చేతులూ జోడించాడు. "ఇగ చాలమ్మా, నీకు దండం."

వెనక్కి ఒక్కసారి చూశాను. కొంగు కింద చిన్న పాదం ఇంకా ఆడుతోంది.

"ఇంకా కాలేదన్నా," అన్నాను.