మునగచెట్టు కింద పెండలం

మా అత్తగారు బతికుండగా మా పెరట్లో క్యాబేజీ మొలవలేదు. మొలవడానికి వీల్లేదు. సీమకూరలు మడికి పనికిరావనీ, తద్దినాలకి బొత్తిగా పనికిరావనీ ఆవిడ పట్టుదల. ఆవిడ పోయిన మరుసటి ఏడు, డెబ్భైల చివర్లో, కపిలేశ్వరపురం లంకల్లోని మా పుట్టింటి నుంచి నారు తెచ్చి, మురమళ్ళ దగ్గరి మా అత్తవారింటి పెరట్లో నాటాను. ఇంట్లో నా పెత్తనం అలా మొదలైంది.

మా వైపు చలికాలాన్ని చలికాలం అనడం మర్యాద కోసమే. అయినా తెల్లవారుజామున కాస్త మంచు పడితే చాలు, ఎండాకాలంలో ఎంత బతిమాలినా రాని మొక్కలు వాటంతటవే లేచి నిలబడతాయి. వానాకాలమంతా ఆకులేసి కులికిన చిక్కుడుపాదు మంచు తగలగానే పూతకొస్తుంది. క్యాబేజీ మాత్రం నాకు అంతుపట్టేది కాదు. ఏ మొక్కయినా బయటికి విచ్చుకుంటుంది, ఇది లోపలికి ముడుచుకుంటుంది. పొద్దున్నే ఆ ఆకుల్లో నిలిచిన నీళ్ళు చూస్తూ నిలబడి, పొయ్యి మీద పాలు పొంగిపోయిన రోజులున్నాయి.

కార్తీకం చివర గాలివాన వచ్చింది. అప్పటికి అత్తగారి మొదటి తద్దినం నాలుగు రోజుల్లో పడింది. తెల్లారి పెరట్లోకి వెళ్తే అరటిచెట్లు పడుకున్నాయి. చిక్కుడు పందిరి పక్కవాళ్ళ గోడ మీద ఉంది. ఆనపపాదు ఎక్కడుందో ఆనవాలు లేదు. ఆ బురదలో నా క్యాబేజీలు మాత్రం కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. పై ఆకులు చిరిగాయి, లోపలి గడ్డ చెక్కుచెదరలేదు. కొబ్బరిచెట్లను పడగొట్టిన గాలి దీన్నేమీ చేయలేకపోయిందే అని నోరు తెరుచుకుని చూశాను. మరుక్షణమే దిగులు పట్టుకుంది. పచ్చగా నిలబడిందల్లా ఆవిడ పనికిరాదన్న కూరే.

మా ఆయన దిగులు వేరు. వాళ్ళమ్మకి పెండలం దుంప వేపుడంటే ప్రాణం. మొదటి తద్దినానికి అది వడ్డించాలని అమలాపురం కూరల కొట్లో దుంపకి చెప్పి ఉంచారు. ఇప్పుడు చెట్లు పడి దారులన్నీ మూసుకుపోయాయి. అరటికాయ, పెసరపప్పుతో కానిచ్చేయవచ్చునని పురోహితుడుగారు కబురంపారు.

"శాస్త్రానికి సరిపోతుందండీ, నేను కాదనట్లేదు," అన్నారు మా ఆయన వాళ్ళ నాన్నగారితో. "ఎవరికేది ఇష్టమో అడిగి మరీ వండిపెట్టింది అమ్మ. ఆవిడకిష్టమైంది ఒక్కటి నేను పెట్టలేనా?"

మామగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తద్దినానికి ముందురోజు నేనూ మామగారూ పెరడు సర్దుతున్నాం. నూతి వెనక మునగచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. ఆ గోతిలో మట్టి కప్పుకుని పసిపిల్లంత ఏదో ఉంది. రాయి అనుకుని కాలితో తోయబోయాను.

"ఆగమ్మాయ్," అని మామగారు బురదలో చతికిలబడి గోటితో గీరారు. లోపల తెల్లగా, జిగురుగా ఉంది.

"పెండలమే. మీ అత్తగారి పని. పెట్టినట్టు నాతో కూడా చెప్పలేదు."

మునగ మీద అల్లుకున్నది పిచ్చితీగ అనుకున్నాం అందరం. నీళ్ళు పోసినవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు. ఏటా పైన తీగ ఎండిపోతుంటే కింద చీకట్లో దుంప మళ్ళీ కొత్తగా ఊరింది. నా క్యాబేజీలకి పొద్దునా సాయంత్రం కాపలా కాశాను. ఇది ఎవరి కాపలా కోరలేదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

తద్దినం వంట గురించి భోక్తలు మాట్లాడకూడదు. మాట్లాడలేదు గానీ, వాళ్ళలో పెద్దాయన పెండలం వేపుడు మారు వడ్డించమని చేత్తో సైగ చేశారు. మా ఆయన వడ్డించి, కళ్ళు దించుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక మేం కూర్చున్నాం. మామగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. నాకు భయమేసింది.

"ఉప్పు చాల్లేదా మావయ్యగారూ?"

"సరిపోయిందమ్మా," అన్నారు ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "దానికి మన మీద నమ్మకం లేదు, చూసేవా? తన తద్దినానికి కూర తనే పెట్టుకెళ్ళింది."