ఎందాకా అని అడిగిన అంగడి ముసలాయన

2006 చివర్లో మా ఆఫీసు నంద్యాల సంజీవనగర్‌లో, ఒక విత్తనాల అంగడి మీది మేడలో ఉండేది. కిందినుంచి పురుగుమందుల వాసన వస్తుంటే, పైన మేం అమెరికా ఎడారుల్లో గుర్రాలు తోలేవాళ్ళం. వీడియో గేములు తయారుచేస్తామని చెబితే ఊళ్ళో జనం తలూపి, "అది సరేలే, పనేం చేస్తావు?" అని మళ్ళీ అడిగేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ఆ పని ఎట్లా ఉంటుందో చెప్పమని ఎవరైనా అడిగితే వదిలిపెట్టను.

నేను గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని. ఆటలో బొమ్మలు గీసేవాళ్ళు వేరే ఉంటారు. గుర్రం ఎంత దూరానికి అలిసిపోవాలి, దొంగతనం చేస్తే ఊరు ఎట్లా మాట్లాడాలి, దెబ్బ తగిలితే ఎప్పుడు మానాలి, ఇట్లాంటి కట్టుబాట్లు రాయడం నా పని. వీటినే గేమ్‌ప్లే సిస్టమ్స్ అంటారు. ఇవి బాగుంటే ఎవరూ పట్టించుకోరు. బాగాలేకపోతే మాత్రం ఆట మూసేసి టీవీ పెట్టుకుంటారు.

మాకు వచ్చిన ఆట ఓపెన్ వరల్డ్ వెస్టర్న్. అంటే కౌబాయ్‌ల కాలపు ఆట. అందులో ఫలానా దారినే పోవాలన్న నియమం లేదు, ఆటగాడు గుర్రమెక్కి తనకు తోచిన దిక్కుకు పోవచ్చు. ఒక విదేశీ కంపెనీ దాన్ని సగంపైన తయారుచేసుకుని, సిస్టమ్స్ బాగుచేసే పని మా హైదరాబాదు కంపెనీకి అప్పగించింది. హైదరాబాదువాళ్ళు దాన్ని ఖర్చు తక్కువని మా నంద్యాల శాఖకు తోశారు. ఇక్కడ ఇంటర్నెట్ నత్తనడక కాబట్టి, ఆట తయారైన ప్రతిసారీ డిస్కుల్లో ఎక్కించి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్ళం. ఆయన వాటిని సీటు కింద పెట్టుకుని, పెళ్ళి వీడియోలనుకుని భద్రంగా చేర్చేవాడు.

ఆటకు పట్టిన జబ్బు ఏమిటంటే, నేల చాలా పెద్దది, మనసు పెట్టడానికి ఏమీ లేదు. బయటి మనుషులను పిలిచి ఆడించి చూడడాన్ని ప్లేటెస్ట్ అంటారు. ప్రతి ప్లేటెస్ట్‌లోనూ ఒకటే తంతు. మొదటి ఊళ్ళో తుపాకులు పేల్చేదాకా ఉత్సాహంగా ఉంటారు. ఊరు దాటి రెండో గుట్ట దాకా పోయి, ఆవులించి వెనక్కి తిరుగుతారు. దోపిడీదొంగలను పెంచాం, తోడేళ్ళను వదిలాం, గుర్రాన్ని జోరుగా ఉరికించాం. రెండో గుట్ట దాటించలేకపోయాం. వచ్చే ప్లేటెస్ట్‌లోనూ ఇంతే అయితే పని వేరేవాళ్ళకు పోతుందనీ, నంద్యాల గదులు ఖాళీ చేయాల్సిందేననీ హైదరాబాదు నుంచి మా లీడ్ కిరణ్ చెప్పేశాడు.

గదులు మూతపడితే నాకు హైదరాబాదులో కుర్చీ దొరుకుతుంది. మాలో అట్లాంటి కుర్చీ దొరకనిది రమకు ఒక్కదానికే. ఆమెది ఆళ్లగడ్డ. భర్త ఓబులేసు శిల్పి, దేవతా విగ్రహాలు చెక్కుతాడు. ఆమె డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, రోజూ బస్సులో నంద్యాలకు వచ్చి మా ఆటలో మనుషుల మాటలు రాసేది. భర్త పనంతా ఆళ్లగడ్డ రాయితోనే, ఇల్లు కదిలే వీలు లేదు. ఈ ఉద్యోగం పోతే తనకు ఇట్లాంటి పని మళ్ళీ దొరకదని ఆమెకు తెలుసు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు గానీ, కిరణ్ ఫోను వచ్చినప్పుడల్లా టైపు చేసే చేతులు ఆగిపోయేవి.

ఆమె రాసేవి ఎక్కువగా ప్లేస్‌హోల్డర్లు. అసలు సంభాషణ వచ్చేదాకా ఖాళీ కనబడకుండా పెట్టే తాత్కాలికపు మాటలన్నమాట. ఊరి చివర అంగడి ముందు కూర్చునే ఒక ముసలాయన, ఆటగాడు గుర్రం మీద ఊరు దాటుతున్నప్పుడు ఏదో ఒకటి అనాలి. మన దిక్కున బయలుదేరిన మనిషిని "యాడికి?" అని అడగరు. పోయే పని చెడుతుందని శంక. "ఎందాకా?" అంటారు. రమ కూడా ఆలోచించకుండా అదే రాసింది, ఇంగ్లీషులోకి మార్చి. ఆ మాట ఇంగ్లీషులో "ఎంత దూరం?" అయి కూర్చుంది. మేమెవరమూ గమనించలేదు, ఎందుకంటే మాకందరికీ అది చెవికి సరిగ్గానే వినబడింది. డిస్కు బస్సెక్కింది.

ప్లేటెస్ట్ రిపోర్టు వచ్చింది. ఊళ్ళో ఒక ముసలివాడు ఎంత దూరం అని అడిగాడు, అదేదో పందెమనుకుని దూరం కొలుద్దామని పోయాను, అని ఒకాయన రాశాడు. ఆ ముసలివాడు ఏమైనా దాచాడేమోనని ఇంకొకావిడ వెతుక్కుంటూ పోయిందట. ఇంకొకాయన రెండో గుట్ట, నది, ఉప్పునేల అన్నీ దాటి ఆట అంచుకు చేరాడు. అక్కడ మేం నేల తయారుచేయలేదు. గుర్రంతో సహా ఆకాశంలో పడిపోయాడు. పడిపోయినా అతనికి కోపం రాలేదు, తిరిగిపోయి ఆ ముసలాయనకు జవాబు చెప్పే అవకాశం ఇవ్వలేదేమని మాత్రం అడిగాడు.

కిరణ్ దీన్ని తప్పుల పట్టీలో మొదట పెట్టి, ఆ మాట తీసేయమన్నాడు. మనకు ఇంగ్లీషు రాదనుకుంటారని అతని బాధ. రమ ముఖం కందిపోయింది. నాకు మాత్రం తిక్క పుట్టింది. ఇన్నాళ్ళూ తోడేళ్ళు చేయలేని పని ఒక ముసలాయన ఒక్క మాటతో చేస్తే, ఆయన నోరు మూయించడమేమిటని ఫోన్లోనే వాదనకు దిగాను. సరే, దానితో ఏం చేస్తావో చెప్పు అన్నాడు కిరణ్. ఏం చేయాలో నాకు తెలియదు. ఫోను పెట్టేసి ఆ ముసలాయనను మళ్ళీ తెర మీదికి తెచ్చుకున్నాను.

అప్పుడు రమ నోరు విప్పింది.

"అన్నా, మా అత్త నన్ను రోజూ ఎందాకా అని అడుగుతాది. నేను నంద్యాలకే పోతాండానని ఆయమ్మకు తెలీదా? తెలుసు. అయినా అడుగుతాది. నేనేమో మొదట్లో కసురుకునేదాన్ని. ఒకరోజు బస్సు చెడిపోయి చీకటి పడినాక పోతే, రోడ్డు మీద నిలబడుండాది. అడిగిన మనిషి గదా, వచ్చిందాకా చూడల్ల. మన ఆట ఆడేవానికి అట్లా చూసేటోళ్ళు ఎవరుండారు?"

నాకు దారి దొరికింది. ముసలాయన అడగాలి, ఆటగాడు జవాబు చెప్పాలి. నది దాకా అని చెబితే, నది దగ్గర నీళ్ళు ఎట్లా ఉన్నాయో, ఏ వైపు దొంగలు తిరుగుతున్నారో ముసలాయన చెప్పాలి. చెప్పకుండా పోయినా పోనివ్వాలి. తిరిగివస్తే "పనైందా?" అనాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, రావలసిన పొద్దుకు మనిషి రాకపోతే ఆయనే కంచరగాడిదెక్కి, నీళ్ళతిత్తి తీసుకుని, చెప్పిన దిక్కుకు వెతుక్కుంటూ బయలుదేరాలి.

చెప్పడం తేలిక. ఆటలో కదిలే మనుషులను ఎన్‌పీసీలంటారు, ఆటగాడు నడపని పాత్రలు. మా ఎన్‌పీసీలకు జ్ఞాపకమే లేదు, కాల్చి చంపబోయినవాణ్ణి కూడా మరునాడు నమస్కారం పెట్టి పలకరిస్తారు. ముసలాయనకు జ్ఞాపకం పెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదట్లో ఆటగాడు అంగడి ముందే నిలబడి ఉన్నా ఆయన వెతకడానికి పోయేవాడు. తర్వాత వంతెన ఉన్నా ఎక్కకుండా నదిలో దిగి మునిగిపోయేవాడు. కరెంటు పోయి ఇన్వర్టరు కూతపెట్టే వేళకు సరిగ్గా ఆయన వంతెన దగ్గరికి వచ్చేవాడు. రమ తెర ముందు కూర్చుని "ఆ పక్కకప్పా, ఆ పక్కకు" అని ఆయనకు దారి చూపించేది.

ఊరంతా ఇట్లాగే అడిగితే ఇంకా బాగుంటుందని నేను దుకాణంవాళ్ళకూ కూలివాళ్ళకూ అదే మాట పెట్టాను. ఆడి చూస్తే పోలీసు స్టేషనులో కూర్చున్నట్టుంది. రమ వద్దంది. అందరూ అడిగితే ఎవరూ అడగనట్టేనంది. అందరి నోళ్ళనుంచీ తీసేసి ముసలాయనకొక్కడికే వదిలాం. కిరణ్ గొణుగుతూనే డిస్కు తీసుకున్నాడు.

విదేశీ కంపెనీ తరఫున మాతో మాట్లాడే ఆవిడ సూసన్. అప్పటిదాకా ఆవిడ ఫోనులో వాతావరణం సంగతి కూడా మాట్లాడేది కాదు, తప్పులు చదివి పెట్టేసేది. ఏప్రిల్‌లో ఒక శనివారం సాయంత్రం, రమ ఇంటికి పోయిన తర్వాత, ఆవిడే ఫోను చేసింది. ప్లేటెస్ట్‌లో ఒకతను ఉప్పునేల మధ్య గుర్రాన్ని పోగొట్టుకున్నాడట. నీళ్ళు లేవు. ఆట మూసేద్దామని చేయి ఎత్తాడట. అంతలో దూరంగా దుమ్ము లేచింది. దొంగలనుకుని తుపాకీ గురిపెట్టాడు. దగ్గరికి వస్తే అంగడి ముసలాయన.

"అతను తుపాకీ దించి, పక్కనున్నవాళ్ళకు ఒకటే మాట చెప్పాడు," అంది సూసన్. "ఆయన నా కోసం వచ్చాడు, అన్నాడు. ఆ తర్వాత లేపినా లేవలేదు, ఆడుతూనే ఉన్నాడు."

పని మాతోనే ఉంటుందనీ, మిగతా ఊళ్ళకు కూడా ఇట్లాంటి మనిషిని ఒక్కొక్కరిని తయారుచేయమనీ చెప్పింది. ఈ ఆలోచన ఎవరిదని అడిగింది. నేను రమ పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. ఫోను పెట్టేశాక మేడ మీద ఒంటరిగా నిలబడి సంతోషంతో ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

రమ ఫోను కలవలేదు. సోమవారం దాకా ఆగే ఓపిక నాకు లేదు. ఆదివారం పొద్దున్నే బండి తీసి ఆళ్లగడ్డకు పోయాను. వాళ్ళ ఇంటి పక్కనే ఓబులేసు రాయి చెక్కుతున్నాడు, ఉలి చప్పుడు వీధి చివరికి వినిపిస్తోంది. వాకిట్లో రమ అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నన్ను చూడగానే రమ గుమ్మంలోనే నిలబడిపోయింది, చెడు వార్తకు సిద్ధమైన ముఖంతో. నేను గబగబా చెప్పేశాను. ఓబులేసు ఉలి పక్కన పెట్టాడు. రమ లోపలికి పోయి, ముఖం కడుక్కుని కాఫీతో వచ్చింది.

పెద్దావిడకు సంగతంతా విడమరచి చెప్పాను. ఎడారి, ముసలాయన, కంచరగాడిద అన్నీ విని, ఆవిడ తనకు కావలసింది కోడలినే అడిగింది.

"అయితే రేపు గూడా బస్సుకు పోతాండావా?"

"పోతాండా అత్తా."

ఆవిడ తల ఊపి మళ్ళీ చింతపండు చేతికి తీసుకుంది. నవ్వలేదు గానీ, కాఫీతో పాటు నాకు పెట్టిన బొరుగులు మాత్రం ఇద్దరికి సరిపడా ఉన్నాయి.

ఆ తర్వాత నేను చాలా ఆటలకు పని చేశాను. ఇంతకంటే పెద్ద నేలలు, ఇంతకంటే తెలివైన గుర్రాలు ఉన్న ఆటలు. కొత్తగా చేరిన పిల్లలు మైదానం పెంచుదామని వచ్చినప్పుడల్లా, అందులో ఆటగాడు తిరిగి రావడానికి ఎదురుచూసేది ఎవరని అడుగుతాను. ఎదురుచూసే మనిషి ఉంటేనే దూరం దూరమనిపిస్తుంది. నా వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇదే, అది ఒక తప్పు అనువాదం నుంచి నేర్చుకున్నాను.

ఆళ్లగడ్డలో ఆ ఆదివారం నేను లేచి బండి స్టార్టు చేశాను. నంద్యాల నుంచి వచ్చానని, మళ్ళీ అక్కడికే పోవాలని పెద్దావిడకు అప్పటికే రెండుసార్లు చెప్పాను. అయినా ఆవిడ వాకిట్లోంచి తలెత్తి చూసింది.

"ఎందాకప్పా?"

బండి ఆపి జవాబు చెప్పాను.

"నంద్యాల దాకా అమ్మా."

"చేరినాక రమకు ఫోన్ చెయ్యి," అంది.