బోర్డు కదలదు, చెంప కదులుతుంది

గీత తిన్నగా రాకపోతే మా నాన్నకి కోపం. గోడమీద క్యాలెండరు ఓ పక్కకి వాలినా, మంచం మీద దుప్పటి ఒకవైపు ఎక్కువ వేలాడినా ఆయనకి ముద్ద దిగదు. బోర్డులు రాసే మనిషి మరి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో దుకాణాల నెత్తిన కనిపించే అక్షరాల్లో సగం ఆయన చేతివే. ప్రింటు బోర్డులు వచ్చాక చేతికి పని తగ్గింది గాని చెయ్యి మాత్రం తగ్గలేదు. అరవై మూడేళ్ల వయసులో కూడా గజం పొడుగు గీతను ఒక్క ఊపులో లాగేస్తాడు. లాగినంతసేపూ ఊపిరి బిగబడతాడు. అప్పుడు పక్కింటికి నిప్పంటుకున్నా పలకడు.

ఆ చేతిని చూసుకుని ఆయనకి కాస్త గర్వం ఉండేది. పోయిన ఏడాది ఒక మడత కత్తి ఆ గర్వాన్ని నేలకి దించింది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు కుర్చీ మామయ్య గురించి చెప్పాలి. మా వీధి చివర సెలూను ఆయనది. అందులో గిర్రున తిరిగే కుర్చీ ఉండేది కాబట్టి చిన్నప్పుడు మేం పెట్టుకున్న పేరది. నాన్న ఈ ఊరికి కొత్తగా వచ్చి పని అడిగితే అందరూ రేపు రమ్మన్నవాళ్లేనట. మామయ్య ఒక్కడే రేకు ముక్క చేతికిచ్చి, "నా షాపుకి రాయి చూద్దాం" అన్నాడు. నాన్న మొదటి బోర్డు అదే. ఇప్పటికీ అక్కడే ఉంది, కొంచెం తుప్పు పట్టింది.

నాకు పదేళ్లప్పుడు నాన్న నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు మంచం. మామయ్య రోజు విడిచి రోజు, షాపు తీయకముందే మా ఇంటికొచ్చి గడ్డం గీసి వెళ్లేవాడు. "ఎందుకన్నా, నన్నెవరు చూడొస్తారు?" అని నాన్న విసుక్కునేవాడు. "గడ్డం పెరగనిచ్చావంటే మంచానికి ఒప్పేసుకున్నట్టే తమ్ముడూ. మొహం ఇటు తిప్పు" అనేవాడు మామయ్య. నాన్న మళ్లీ లేచి నడిచాడంటే అందులో డాక్టరు చెయ్యి ఎంతుందో మామయ్య చెయ్యీ అంతే ఉంది. ఆ పొద్దులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇంకో మాట. నాన్న ఆ కుర్చీలో కూర్చుంటే నిద్రపోతాడు. నురగ పడిందంటే గురక మొదలు. పని అయిపోయినా మామయ్య లేపేవాడు కాదు. తర్వాతి వాళ్లు గుమ్మంలోంచి తొంగిచూస్తే, "కూర్చోండి, కుర్చీలో మనిషి ఉన్నాడు" అని బెంచీ చూపించేవాడు.

పోయిన ఏడాది ఒకరోజు నాన్న చెవి కింద దూది అంటించుకుని ఇంటికొచ్చాడు. ఏమైందంటే మేకు గీసుకుందన్నాడు. "మేకు చెవి కిందకి దూరి మరీ గీసిందా? ఎంత తెలివైన మేకో!" అంది అమ్మ. మర్నాడు సెలూను తెరవలేదు. ఆ మర్నాడూ అంతే.

నెల గడిచాక మామయ్య భార్య, మా అత్తయ్య, వచ్చి అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. "చేతులు వణుకుతున్నాయి వదినా. ఆర్నెల్లుగా దాచుకుంటూ వచ్చారు. మందులతో కొంత తగ్గుతుందిట, పూర్తిగా పోదుట. గడప దాటమంటే ఈ గడ్డంతో ఏ మొహం పెట్టుకుని వెళ్లనంటారు. పోనీ ఎవరిచేతైనా గీయించుకోమంటే ఇంకొకడి చేతికి నా మొహం ఇవ్వనంటారు. ప్లాస్టిక్ రేజరు తెచ్చిస్తే కిటికీలోంచి విసిరేశారు."

నాన్న వెళ్లి చూసొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం బజారుకెళ్లి ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. అందులో కొత్త మడత కత్తి, నల్లటి పిడి, తళతళలాడుతోంది.

"అన్న గడ్డం నేను గీస్తాను. ఆయన గడప దాటి బయటికి రావాలి" అన్నాడు.

"మీకు మతిగాని పోయిందా?" అంది అమ్మ. "బోర్డు మీద తప్పు పడితే కిరసనాయిలుతో తుడుస్తారు. పీక మీద తప్పు పడితే దేంతో తుడుస్తారు?"

అందుకే ముందు తన మొహం మీదే మొదలుపెట్టాడు. నురగ పూయడంలో ఆయనకి వంక పెట్టలేం. బ్రష్షు పని కదా, రెండు కోట్లు వేశాడు, అంచులు చెక్కినట్టు దిద్దాడు. ఆ తర్వాత కత్తి తీసి, ఊపిరి బిగబట్టి, చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా ఒక్క ఊపులో గీత లాగాడు. బోర్డు మీద లాగినట్టే. కత్తితోపాటు చెంప కూడా నడిచింది. అద్దంలో చూసుకుందామని అలవాటుగా రెండడుగులు వెనక్కి వేసి బకెట్లో కాలు పెట్టాడు. స్నానాల గదిలోంచి బయటికొచ్చేసరికి ఏడు చోట్ల పేపరు ముక్కలు అంటించుకుని ఉన్నాడు.

"నాన్నా, ఎడమ చెంప మీద వాతావరణం వార్త ఉంది" అన్నాను. కొట్టేలా చూశాడు.

ఆ మొహంతోనే తిన్నగా మామయ్య ఇంటికి వెళ్లాడు. ఏం జరుగుతుందోనని నేనూ వెనకే నడిచాను. కుర్చీ మామయ్య కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నెల గడ్డం, తెల్లగా, చిక్కులు పడి. వణికే చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. నాన్నని ఎగాదిగా చూశాడు. మూతి వంకర పోయింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి అత్తయ్య గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు చేశారయ్యా నీకీ అన్యాయం?"

"నేనే."

"కొత్త కత్తా? వెలుతుర్లోకి పట్టు." మామయ్య తాకలేదు, కళ్లతోనే చూశాడు. "కొత్తది కాబట్టి పదునుంటుందనుకున్నావా? దుకాణంవాడు మెరుపే అమ్ముతాడు. ఆ తోలు పట్టా తీసి కిటికీ ఊచకి తగిలించి, దానిమీద నూరు."

నాన్న పట్టా తగిలించి, పాత రంగు గోకే రేకును తోసినట్టు కత్తిని అంచు ముందుకి పెట్టి తోశాడు. పట్టా మధ్యలో పరక్కున తెగింది. మామయ్య ముప్పై ఏళ్లుగా వాడిన పట్టా అది. 

"నీ చేతులు పడిపోనూ!" అని మామయ్య ఇల్లు అదిరిపోయేలా అరిచాడు. "కత్తి వీపు ముందు నడవాలి! పదును వెనక రావాలి! గోడ గీకుతున్నాననుకున్నావా?"

ఇంట్లో మా మీద చిందులు తొక్కే మనిషి తల వంచుకుని "సరే అన్నా, సరే అన్నా" అంటుంటే నాకు వింతగా ఉంది. బయటికొచ్చేటప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "నెల తర్వాత ఈయన అరుపు విన్నానే, ప్రాణం లేచొచ్చింది" అంది.

ఆరోజు నుంచి రోజూ పాఠమే. మామయ్యది నోరు, నాన్నది చెయ్యి. "బోర్డు కదలదు తమ్ముడూ, చెంప కదులుతుంది. ఎడమ చేత్తో లాగిపట్టు. పొట్టి పొట్టిగా గీయి. కుడి చెయ్యిది సగం పనే." నాన్న ఎడమ చేతికి ఇన్నేళ్లలో రంగు డబ్బా పట్టుకోవడం తప్ప ఏదీ నేర్పలేదు. ఆ వయసులో దాన్ని బడిలో వేయాల్సి వచ్చింది. గీయడానికి గడ్డం చాలక పక్కవాళ్ల చెంపల వంక ఆశగా చూసేవాడు. పక్క వీధిలోనే ఉన్నా మా ఆయన ఆ మూడు వారాలూ అత్తారింటి గుమ్మం తొక్కలేదు.

మూడు వారాలకి నాన్న మొహం మీద పేపరు ముక్కలు మాయమయ్యాయి. అప్పుడు అసలు మాట అడిగాడు.

"నీ మొహం నీ ఇష్టం. నా జోలికి రాకు" అన్నాడు మామయ్య.

"గడ్డం పెరగనిస్తే ఒప్పేసుకున్నట్టే అన్నదెవరన్నా?"

మామయ్య చూపు నాన్న చెవి కిందకి పోయింది. "ఆరోజు నీ చెవి కింద..."

"మేకు గీసుకుంది."

"ఏ మేకయ్యా! నా చెయ్యే కోసింది. ఇంకో వేలెడు కిందకి జారితే ఏమయ్యేది?"

"ముప్పై ఏడేళ్లు నీ చేతికి పీక అప్పగించి గురకపెట్టి నిద్రపోయాను. మంచంలో ఉన్నప్పుడు నన్ను మనిషిలా ఉంచింది నువ్వు. ఒక్కసారి గీసుకుంటే అవన్నీ మర్చిపోతానా?" నాన్న కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు.

మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "రేపు పొద్దున్నే. ఇక్కడ కాదు, షాపులో" అన్నాడు.

మర్నాడు ఆయన తువ్వాలుతో మొహం చుట్టుకుని, దొంగలా గోడవారగా నడిచొచ్చాడు. నేను ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లాను. తలుపులు తీసి, అద్దం తుడిచాక, నాన్న, అలవాటుకొద్దీ మామయ్య, ఇద్దరూ వెళ్లి కుర్చీ వెనకే నిలబడ్డారు. మామయ్య ఒక నిమిషం తర్వాత తేరుకుని ముందుకొచ్చి కూర్చున్నాడు. "మెత్తగానే ఉందే" అన్నాడు. తన కుర్చీలో గడ్డం కోసం కూర్చోవడం ఆయనకదే మొదటిసారి.

కప్పిన గుడ్డ కింద చేతులు ఆడుతూనే ఉన్నాయి. గుడ్డంతా సన్నగా అదురుతోంది. నాన్న ముందు కత్తెరతో గడ్డం కుదించి, వేడి తువ్వాలు వేసి, నురగ పూశాడు. కత్తి చెంపకి ఆనింది.

"ఊపిరి వదులు" అన్నాడు మామయ్య. "నువ్వు బిగబడితే నాకు తెలుస్తోంది. భయపడాల్సింది నేను, నువ్వు కాదు."

నాన్న బుస్సున ఊపిరి వదిలాడు. కుడి చెంప అయింది. ఎడమ చెంప అయింది. మామయ్య నడుమ నడుమ "లాగిపట్టు", "కత్తి తుడుచుకో" అంటూనే ఉన్నాడు. అప్పుడు అడగకుండానే తల వెనక్కి వాల్చాడు.

నాన్న చెయ్యి ఆగిపోయింది. "అన్నా, ఇక పీక."

"తెలుసయ్యా. కానివ్వు" అని మామయ్య కళ్లు మూసుకున్నాడు.

నాన్న ఎడమ చేత్తో చర్మం లాగిపట్టి, పొట్టిగా ఒక్కొక్క గీతే గీశాడు. కొంతసేపటికి మామయ్య మాటలు ఆగిపోయాయి. నాన్న గబుక్కున కత్తి పైకెత్తి వంగి చూశాడు. సన్నగా గురక. నాన్న కళ్లతో నాకు గుడ్డ చూపించాడు. అది అదరడం లేదు. నిద్రలో ఆ చేతులు కుదురుగా ఒళ్లో ఉన్నాయి.

మిగిలింది పూర్తి చేశాడు. దవడ కింద చిన్న గాటు పడితే పటిక అద్దాడు. మామయ్య కదల్లేదు. కత్తి కడిగి, తుడిచి, మడిచి, నాన్న పక్కన నిలబడ్డాడు. లేపుదామా అని నేను సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు.

తలుపు తెరిచి ఉండటం చూసి పాత ఖాతాదారు ఒకాయన, ఎదురింటి టైలరు, గుమ్మంలోంచి తొంగిచూశాడు. "తెరిచారా?"

నాన్న పెదాల మీద వేలు పెట్టి బెంచీ చూపించాడు.

"కూర్చోండి" అన్నాడు మెల్లిగా. "కుర్చీలో మనిషి ఉన్నాడు."