బావ ఫోనులో మిరప కల్లం

మా బావకి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయేనాటికి చేలో మిరప పూత మీదుంది. మా అక్కే కూలీలను వెంటబెట్టుకుని ఆ పంటను గట్టెక్కించింది. కోతలు మొదలయ్యేసరికి బావ మంచంలోంచే ఒక నిర్ణయం చెప్పేశాడు. వచ్చే ఏడు నుంచి చేను కౌలుకి ఇచ్చేస్తాడు. తన చేతి పంట ఇదే ఆఖరు. అయితే దాని రాశి మాత్రం కళ్లారా చూడాలి.

కల్లం వాళ్లింటి ఎదురుగానే ఉంది, రోడ్డు దాటితే చాలు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుంటే పని అయిపోయేది. అక్క ఆ మాట ఎత్తితే బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ కల్లంలో ఆయన తిరిగిన తిరుగుడు వేరు. ఎండే కాయను గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి, లోపల గింజ మోగే తీరును బట్టి ఇంకా ఎన్ని ఎండలు కావాలో చెప్పేవాడు. పక్క ఊళ్ల రైతులు కూడా ఆయన్ని పిలిపించుకునేవారు. ఆ మనిషి తన కూలీల ముందు కుర్చీలో ఊరేగడానికి ఇష్టపడలేదు.

అలా కెమెరాలు వచ్చాయి. చిలకలూరిపేట నుంచి ఒకతను వచ్చి కల్లంలో రెండు స్తంభాలకు రెండు కెమెరాలు బిగించి, తీగను డాబా మీదుగా తెచ్చి, మెట్ల గదిలో నెట్ పెట్టె పక్కన ఆ బొమ్మలు దాచే రికార్డరు పెట్టాడు. బొమ్మ బావ ఫోనులోకి వచ్చేలా చేసి వెళ్లిపోయాడు. పరిచిన కాయంతా అరచేతిలో ఎర్రగా కనిపించిన ఆ మొదటిరోజు, బావ అన్నం మంచం మీదే చల్లారిపోయిందని అక్క చెప్పింది. అప్పటినుంచి ఆయన కల్లంలో ఉన్న అక్కకి ఫోను చేసి, పడమటి పక్క కాయ తిరగెయ్యలేదనో, కింద పరిచిన పట్టా అంచు ఎగిరిపోతోందనో చెబుతూనే ఉండేవాడట. తాలు కాయలు ఏరే ఆడవాళ్లకి అది వేళాకోళమైంది. "మాట్లాడకుండా ఏరండే, అయ్యగారు స్తంభమెక్కి కూర్చున్నారు" అని ఒకరినొకరు గిల్లుకునేవారట.

ఇబ్బంది కరెంటుతో వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఫోనులో కల్లం మాయమయ్యేది. బిగించిన అతనికి సీజను రోజులు, ఫోను ఎత్తేవాడు కాదు. అక్క నాకు కబురు చేసింది.

నేను చీరాలలో బట్టల కొట్లో పని చేస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో, కొట్టు సెలవు రోజుల్లో సాగింది. ఆ బీరువాల్లో నేను ముట్టని వరుస లేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కంప్యూటర్ల అనుసంధానం గురించిన పుస్తకం ఒకటి అట్ట ఊడిపోయి అడుగు అరలో ఉండేది. దాన్ని తెచ్చుకుని చదివితే సంగతి అర్థమైంది. ఇంట్లో నెట్ పెట్టె ప్రతి ఫోనుకీ, ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇస్తుంది. రికార్డరుకీ అంతే. కరెంటు పోయి వస్తే నంబర్లు తారుమారవుతాయి. ఫోనేమో పాత నంబరు దగ్గరే రికార్డరు కోసం చూస్తుంటుంది. రికార్డరుకి మారని నంబరు ఒకటి మనమే రాసిపెడితే ఈ బాధ ఉండదు.

మా కొట్లో ఉన్న చిన్న కంప్యూటరు తెర అడిగి తీసుకుని బస్సెక్కాను. అక్కావాళ్ల పాత టీవీకి రికార్డరు వైరు పట్టదు మరి. మెట్ల గదిలో తెర తగిలించి, నంబరు దానంతటదే తెచ్చుకునే చోట ఉన్న టిక్కు తీసేశాను. ఖాళీ గడి వచ్చింది. నంబరులో మొదటి మూడు భాగాలూ ఆ ఇంటి పరికరాలన్నిటికీ ఒకటే: 192.168.1. చివరి భాగం మాత్రం మన ఇష్టం. వంద లోపు నంబర్లు నెట్ పెట్టె తన పంపకానికి ఉంచుకుందని దాని సెట్టింగుల పేజీలోనే ఉంది. ఎప్పుడు ఏది ఎవరికిచ్చేస్తుందో తెలియదు కనుక వాటి జోలికి పోవద్దని పుస్తకం చెప్పింది. నేను రెండువందలు అనుకుని, మొత్తం నంబరు గుమ్మంలోంచి బావకి చదివి చెప్పాను.

"కూడితే ఎంతొచ్చిందిరా?" అన్నాడు.

ఆయన ట్రాక్టరు నంబరు కూడితే తొమ్మిది. ఫోను నంబరూ తొమ్మిదే. కరెంటు మీటరు నంబరు కూడా కూడి చూసుకున్న మనిషి. నేను మొదటి నుంచి చివరిదాకా అంకెలన్నీ వేళ్ల మీద కూడాను. మూడు వచ్చింది.

"మూడు నాకు అచ్చిరాదు. తొమ్మిది రావాలి."

"బావా, ఇది బండి నంబరు కాదు. పెద్ద నంబరైతేనే మంచిదని పుస్తకంలో ఉంది."

"నీ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా ఎకరం మిరప వేశాడా? ఎనిమిది పెట్టు. అన్నీ కలిపి ముప్పై ఆరు, మూడూ ఆరూ తొమ్మిది."

పడిపోయాక మనిషి అంత హుషారుగా మాట్లాడటం అదే మొదటిసారి. ఉన్న కాస్త నెట్ వాడేది అక్క ఫోనూ బావ ఫోనే కదా, ఎనిమిదో నంబరు దాకా ఎవరొస్తారులే అనిపించింది. ఎనిమిదే పెట్టాను. కరెంటు తీసి మళ్లీ వేసి చూశాను. కల్లం మాయం కాలేదు. "చదివినోడివేరా" అని బావ నవ్వాడు. మూతి ఒక పక్కకే కదిలింది. తెర మూటగట్టుకుని చీరాల వచ్చేశాను.

రాశి పోసేనాడు మళ్లీ వెళ్లాను. మేనకోడలు అత్తవారింటి వాళ్లతో వచ్చింది. ఇల్లంతా మనుషులు, అందరి చేతుల్లో ఫోన్లు. పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. కల్లంలో మగవాళ్లు పారలతో కాయను నడిమికి తోయడం మొదలుపెట్టారు. బావకి గడ్డం గీయించి, తెల్ల చొక్కా తొడిగి, దిండ్లు పేర్చి కూర్చోబెట్టారు. ఆయన ఫోను తీసి నాకేసి చూశాడు. తెర నల్లగా ఉంది.

నా అనుమానం మొదట తీగ మీదికి పోయింది. ఉడతలు కొరుకుతాయని అక్క అంతకుముందే అన్నది. డాబా ఎక్కి, పిట్టగోడ వెంబడి తీగను వేళ్లతో తడుముకుంటూ ఆ చివరిదాకా పోయాను. ఎక్కడా తెగలేదు. దిగి రికార్డరు ఆపి మళ్లీ వేశాను. లాభం లేదు. కొట్టు తెర ఈసారి నా దగ్గర లేదు. కాసేపటికి బావ "పోశారా?" అని మాత్రం అడిగాడు. కుర్చీలో తీసుకెళ్తామని అల్లుడు అంటే తల అడ్డంగా ఊపాడు.

ఆఖరికి ఆయన ఫోను తీసుకుని, దానికి పెట్టె ఏ నంబరు ఇచ్చిందో చూశాను. ఎనిమిది. చుట్టాల ఫోన్లన్నీ ముందు నంబర్లు పట్టేస్తే, తర్వాతది బావ ఫోనుకి వచ్చింది. ఆ ఫోను రికార్డరు కోసం తనలో తనే వెతుక్కుంటోంది.

అందరి ఫోన్లూ నెట్ నుంచి తీయించి, పెట్టె ఆపి మళ్లీ వేసి, కల్లం తెప్పించాను. అప్పటికి రాశి లేదు. కాయ గోతాల్లోకి వెళ్లి, కాళ్లతో తొక్కి బిగించడం కూడా అయిపోయి, నిండిన టిక్కీ బస్తాల నోళ్లు కుట్టేస్తున్నారు. నేల మీద ఎర్రటి మరక, దాన్ని ఊడుస్తున్న ఒక ముసలామె. బావ ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

రాశి పోయడమంతా రికార్డరులో ఉంది బావా, తెర తెచ్చి చూపిస్తానన్నాను. "అయిపోయినదాన్ని చూసి ఏం చెబుతాంరా, వదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

తిరుగు బస్సులో తోచింది. చివర రెండువందల ఆరు పెట్టినా మొత్తం కూడితే తొమ్మిదే వచ్చేది. పుస్తకం మాటా నిలిచేది, ఆయన మాటా నిలిచేది. ఆయన నవ్వుతున్న ఆ క్షణంలో ఇంకో నంబరు కూడి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

వానలు మొదలయ్యాక ఒకసారి చూడబోయాను. కౌలు తీసుకున్నవాళ్లు చేను దున్నిస్తున్నారు. టీ తాగుతుండగా బావ ఎటో చూస్తూ, "ఆ రోజుది ఇంకా ఉందంటావా అందులో?" అని అడిగాడు.

మర్నాడే తెర పట్టుకుని వెళ్లాను. రికార్డరు డిస్కు నిండితే పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటుందట. వెనక్కి ఎంత జరిపినా ఖాళీ కల్లమే వచ్చింది. ఎండలో ఖాళీ కల్లం, వానలో ఖాళీ కల్లం. వచ్చి బావ మంచం అంచున కూర్చుని, లేదని చెప్పాను.

"పోనీలే. నువ్వు డాబా మీదే ఉన్నావుగా అప్పుడు. ఎంత ఎత్తు లేచింది? రంగు ఎలా ఉంది?"

డాబా మీద నేను తీగ చూసుకుంటూ నడిచాను. కింద కల్లం వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. చాలా ఎత్తు లేచింది బావా, మంచి రంగు అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.