పదమూడో బిడ్డకు జాగా

షాద్‌నగర్‌లో మా కాలనీ పిల్లలను పగలంతా కంటికి రెప్పలా కాచిన అవ్వ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. నేనప్పుడు ఒక కొత్త ఇంట్లో టైల్స్ పరుస్తున్నాను. అవ్వ దగ్గర పనిచేసే ఆయమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, అవ్వ పోయింది. దవాఖాన నుంచి తెస్తున్నరు. జర జల్ది రా" అన్నది. చేతులకంటిన సిమెంటు కడుక్కోకుండానే బయలుదేరాను.

నేను మెల్లగా మాట్లాడే మనిషిని కాను. వారమంతా టైల్స్ పని, ఆదివారం మా చర్చి సంఘంలో వాక్యం చెప్పడం. ఏ పాస్టర్ల బడిలోనూ చదవలేదు. పని దగ్గర అన్నం తినే వేళ బైబిల్ గ్రంథాన్ని పక్కన పెట్టుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నాను. మైకు లేకున్నా నాలుగు గల్లీలకు వినిపిస్తానని పేరు. ఆ గొంతుతోనే ఒకసారి అవ్వ మీదికి పోయాను. ఆ సంగతి దాచిపెట్టి ఆమెను తలుచుకుంటే నా నోటికి పాపం తగులుతుంది.

ఆరేళ్ల కిందటి మాట. మా బిడ్డకు తొమ్మిది నెలలు. నా భార్య మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. మా ఇద్దరి కుటుంబాల్లో నెల జీతం మొదట ఎత్తింది ఆమే. మా తాతలు, బాపులు ఒకరి చెలకల్లో కూలి చేసి బతికినవాళ్లు. కాన్పు సెలవు అయిపోయింది, బతిమాలి పొడిగించుకున్నదీ అయిపోయింది. సోమవారం రాకపోతే ఆ పనిలో వేరే మనిషిని పెట్టుకుంటామని సూపర్‌వైజర్ చెప్పేశాడు. నకిరేకల్ దగ్గరి ఊళ్లో ఉన్న మా అమ్మ, మంచాన పడ్డ బాపును వదిలి రాలేదు. అంగన్‌వాడీలో అడిగితే మూడేళ్లు నిండాలన్నారు. ఇక మిగిలింది అవ్వ ఇల్లు. కాలనీ మొత్తంలో సర్కారు లైసెన్సు ఉన్న డే కేర్ అదొక్కటే.

బిడ్డను ఎత్తుకొని ఇద్దరం పోయాం. అవ్వ గేటు దగ్గరే ఆపింది.

"జాగ లేదు కొడుకా. పన్నెండుమందికే కాయితం ఇచ్చిండ్రు. పన్నెండుమంది ఉన్నరు."

"ఒక్క పిల్ల అవ్వా. పిడికెడంత ఉన్నది. గింత దానికి జాగ లేదా?"

"గింతదే ఎక్కువ బరువు. నడిచేటోళ్లు పిలిస్తె పలుకుతరు. పాకేటోళ్లు పలుకరు."

నాకు నెత్తికెక్కింది. "పిల్లలను రానియ్యుండ్రి, అడ్డం పడకుండ్రి అన్నడు ప్రభువు! ఆయన ఎవ్వలినన్న గేటు కాడ ఆపి కాయితం చూపించుమన్నడా?" అని గట్టిగా అందుకున్నాను. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నా భార్య అంగీ పట్టి గుంజింది. "ఊకో. ఇది మీటింగు కాదు."

అవ్వ నా మాట అయ్యేదాకా నిలబడే విన్నది. పాలమూరు వైపు గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టిన మనిషి, నొసటన రూపాయంత బొట్టు. మా మతం కాదు. "అయిందా? మంచి గొంతు కొడుకా. లోపల నలుగురు పండుకున్నరు, నలుగురిని లేపినవ్" అని గేటు వేసుకొని పోయింది.

నేను ఆ కోపంలోనే బిడ్డను మా సంఘంలోని ఒక అక్క దగ్గర పెట్టాను. మార్కెట్ వెనక ఒక గదిలో ఆమె పిల్లలను చూసుకునేది. లైసెన్సు లేదు. నా భార్య వెనకాడింది. "ప్రార్థన చేసే మనిషికి లైసెన్సు ఎందుకు?" అని నోరు మూయించాను. సోమవారం ఆమె పనికి పోయింది.

బుధవారం నేను సిమెంటు కోసం బండి మీద పోతున్నాను. మార్కెట్ చౌరస్తాలో ఒక ఆటో డ్రైవర్ చంటిపిల్లను ఎత్తుకొని నిలబడి, "గీ పిల్ల ఎవరిది? రోడ్డు మీదికి పాకింది. ఎవరిదన్న?" అని అరుస్తున్నాడు. దగ్గరికి పోయి చూస్తే నా బిడ్డే. మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది.

ఆ గదికి పోయాను. అక్క పొయ్యి దగ్గర ఉంది, తలుపు తీసే ఉంది.

"పిల్లలు ఎంతమంది ఉన్నరక్కా?"

"ఇరవై దాక ఉంటరు తమ్మీ. అందరు మంచిగ ఉన్నరు, ఫికర్ చెయ్యకు" అన్నది. అప్పుడు తలెత్తి, నా చంకలో ఉన్న బిడ్డను చూసింది. చేతిలోని గంటె కింద పడిపోయింది. చెడ్డ మనిషి కాదు. తన పిల్లలకు ముందు ఆ పిల్లలకు పెట్టే మనిషి. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఆమెకు ప్రార్థన చాలని తీర్పు చెప్పింది నేనే.

అటునుంచి అటే అవ్వ ఇంటికి పోయాను.

"ఇయ్యాల ఏం వాక్యం తెచ్చినవ్ కొడుకా?" అన్నది. జరిగింది చెప్పాను. ఇంకేమీ అడగకుండా బిడ్డను తీసుకొని, మోకాళ్లు కడిగి, పసుపు పెట్టింది. పెడుతూనే అడిగింది. "మీ దేవుడు చెప్పిన గొర్ల కథ ఉన్నదట గద. నూరిట్ల ఒకటి తప్పిపోతె కాపరి ఎతుక్కుంట పోయిండట. ఒకటి తప్పిపోయిందని ఆయనకెట్ల ఎరుక?"

"ఆయనకు తెలువనిది ఉంటదా అవ్వా..."

"దేవుని సంగతి కాదు, కాపరి సంగతి అడుగుతున్న. లెక్కపెట్టిండు, గందుకే ఎరుక! మా బాపు పొద్దుగూకితె దొడ్డి తడక కాడ నిలవడి, ఒక్కొక్కదాని ఈపు మీద చెయ్యేసి లోపటికి ఇడిసేటోడు. చెయ్యి తగలంది వచ్చినట్టు కాదు. నా చెయ్యి ఎంతమందికి అందుతదో గంతమందికే సర్కారోళ్లు కాయితం ఇచ్చిండ్రు. దయ లేక కాదు కొడుకా."

ఆ కథ మీద నేను ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో. కాపరి ముందు లెక్కపెట్టాడన్న సంగతి ఒక్కసారీ నా కంటపడలేదు.

అయినా జాగా ఇయ్యలేదు! "ఇంకొక ఆయమ్మను పెట్టుకుంటె ముగ్గురిని ఎక్కువ ఇస్తమన్నరు ఆఫీసోళ్లు. నాకు రాసుడు రాక ఊకున్న. నీకు వస్తది గద. కూసో" అన్నది.

"అందాక బిడ్డను ఎవరు చూస్తరు అవ్వా? పోకుంటె ఆమె పని పోతది."

"తండ్రివి గావా? నీకే లైసెన్సు అక్కరలేదు."

అర్జీ రాసి, కొత్త లైసెన్సు చేతికి వచ్చేదాకా తొమ్మిది రోజులు నేను పని బంద్ పెట్టి, ఆమె వాకిట్లో నా బిడ్డను నేనే చూసుకున్నాను. తోటి మేస్త్రీలు గేటు బయట నిలబడి, "పాస్టరన్నా, ఉయ్యాల పాటలు రాసుకున్నవా?" అని ఆటపట్టించారు. అవ్వ రూల్సు పుస్తకం ఇచ్చి పైకి చదవమనేది. కళ్లు మూసుకొని వినేది. ఒక వరుస దాటేస్తే పట్టేసేది. "ఆగు. ఏదో మింగినవ్. మళ్ల సదువు." నా టేపుతోనే గదులు కొలిచాను. జారుతున్న స్నానాల గది బండలు తీసి గరుకు టైల్స్ వేశాను. పిల్లలను వదిలి తల్లులు దొంగచాటుగా జారుకోబోతే అవ్వ ఎట్లా ఆపేదో అక్కడే చూశాను. "చెప్పి పో బిడ్డా. ఏడిస్తె ఏడువనీ. చెప్పకుంట పోతె పొద్దంత తలుపే చూస్తది."

రెండో ఆయమ్మ ఎవరన్నది మీకు చెప్పాలి. మార్కెట్ వెనక గది మూసేసి, మా సంఘం అక్కే వచ్చి అవ్వ ముందు తల వంచుకొని నిలబడింది. "లెక్క నేను నేర్పుత. మనసు నేర్పుడు నాతోని కాదు, అది నీకున్నది" అని అవ్వ లోపలికి పిలిచింది. మొన్న నాకు ఫోన్ చేసింది ఆమే. ఊపిరితిత్తులు చెడి నడవలేని స్థితిలోనూ, రెండు నెలల కిందట అవ్వ ఆఫీసుకు ఆటోలో పోయి లైసెన్సును ఈ అక్క పేరు మీదికి మార్పించింది. అందుకే అంత్యక్రియల మరునాడు కూడా ఆ ఇంటి తలుపు తెరుచుకుంది.

ఆరేళ్ల కిందట, బిడ్డ రోడ్డు మీద దొరికిన ఆ వారం ఆదివారమే సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. దయకు కొలత పెట్టడం కూడా దయేనని చెప్పాను. అంత మెల్లగా నేను ఎన్నడూ ప్రసంగించలేదు.

అంత్యక్రియలకు తల్లులు ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చారు. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. గ్రంథం తెరిచాను, కళ్లకు అక్షరాలు ఆనలేదు. ఆనాడు కొత్త లైసెన్సు కాగితం వచ్చిన మరుసటి ఉదయం మాత్రం కళ్ల ముందుకు వచ్చింది. మా బిడ్డను పదమూడో బిడ్డగా అవ్వ చేతిలో పెట్టి, "పోయొస్త బిడ్డా" అని చెప్పి, నా భార్య కంపెనీ బస్సెక్కింది. అంతకుముందు రోజుల్లో ఆమె బస్సు కిటికీలోంచి మలుపు దాకా మెడ తిప్పి చూసేది. పొద్దున వండుకుపోయింది సాయంత్రం ముట్టకుండానే తెచ్చేది. ఆ ఉదయం బస్సు కదిలేసరికే ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకొని మూత తీసింది. పక్క సీటు ఆమెతో ఏదో చెప్పి నవ్వుతూ, ఇంత పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను చెయ్యి ఊపుతున్నాను. ఆమె నా వైపు చూడనేలేదు.