బొట్టు పెట్టిన ఫ్లాపీ

మా నాన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ ఫిట్టరు. విశ్వకర్మ పూజ రోజు ఇంట్లోని పనిముట్లన్నీ తుడిచి, పీట మీద వరసగా పేర్చి బొట్లు పెట్టేవాడు. ఆ ఏడు పానాల పక్కన నా ఫ్లాపీని కూడా పడుకోబెట్టాడు. కంప్యూటర్ కోర్సు అయ్యాక నేను సొంతంగా తయారుచేసుకున్న మొదటి బూట్ ఫ్లాపీ అది. హార్డ్‌డిస్క్ మొండికేసినా అది పెడితే చాలు, కంప్యూటర్ డాస్‌తో లేచి కూర్చునేది.

మర్నాడు గుఢియారీలో ఒక బియ్యం వ్యాపారి ఆఫీసులో నాకు పరీక్ష. అక్కడి పాత కంప్యూటర్ మొదలవడమే మానేసింది. దాన్ని నడిపించి చూపిస్తే ఉద్యోగం నాది, లేకపోతే మధ్యాహ్నం వచ్చే ఇంకొకాయనది. ఇంట్లో ఖాళీగా కూర్చుని పెళ్ళిచూపుల మాటలు వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది. ఆ ఉద్యోగం నాకు కావాలి.

ఆ వ్యాపారి సేఠ్ చూస్తుండగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫ్లాపీ పెట్టే ముందు దాని రేకు పక్కకి జరిపి ఉఫ్‌మని ఊదడం నా అలవాటు. జరిపాను. లోపలి నల్లటి బిళ్ళ మీద గంధం, దాని మీద గుండ్రంగా కుంకుమ. పైపైన పెడితే దేవుడికి ఆనదనుకున్నాడు కాబోలు, రేకు తీసి మరీ పెట్టాడు మహానుభావుడు. ఒళ్ళు మండిపోయింది. ఇది లోపలికి వెళితే డ్రైవు కూడా పాడవుతుంది.

సేఠ్ వంగి చూసి, "పూజా కీ హై? అచ్ఛా కియా," అన్నాడు, పూజ చేసి మంచి పని చేశావన్నట్టు.

అచ్ఛా ఏమిటి, నా మొహం. పక్క ఆఫీసులో కంప్యూటర్ ఉందా అని అడిగాను. ఉంది. అక్కడి అకౌంటెంటు చేతులు కట్టుకుని చూస్తుండగా, నా సంచిలోని ఖాళీ ఫ్లాపీని స్లాష్ ఎస్ కొట్టి ఫార్మాట్ చేశాను. డాస్ అందులోకి చేరింది. పరుగున వచ్చి సేఠ్ కంప్యూటర్‌లో పెట్టి స్విచ్ వేశాను. డ్రైవు గుర్రుమంది. తెర మీద ఇంగ్లీషు 'ఏ' అక్షరం వచ్చింది, పక్కన గీత మిణుకుమిణుకుమంది. డాస్ లేచింది. హార్డ్‌డిస్క్‌లోకి వెళ్ళి చూస్తే ఆయన ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి.

"కల్ సే ఆ జానా," అని రేపట్నుంచే పనిలోకి రమ్మన్నాడు సేఠ్.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "పని సేసిందేటమ్మా మన ఫ్లాపీ?" అనడిగాడు.

దారంతా కూడబెట్టుకొచ్చిన తిట్లు ఆ మొహం చూసి మింగేశాను. "బ్రహ్మాండంగా చేసింది నాన్నా. ఉద్యోగం వచ్చింది," అని కొత్త ఫ్లాపీని బల్ల మీద పెట్టాను.

మరుసటేడు మళ్ళీ పీట, పానాలు, ఫ్లాపీ. ఈసారి నాన్న రేకు జరపలేదు. పైన అంటించిన కాగితం మీద పెట్టాడు బొట్టు.

"లోపల పెట్టవా నాన్నా?" అన్నాను.

"అక్కర్లేదమ్మా. పోయినేడు నువ్వు తెచ్చి బల్ల మీద పెట్టినదానికి బొట్టే లేదు గదా," అన్నాడు, సుత్తికి గంధం రాస్తూ.